చినుకు చూసిన చెయ్యి

వెబ్‌సైటు తయారు చెయ్యడమంటే బయటివాళ్ళు ఏదో బ్రహ్మవిద్య అనుకుంటారు. ఆ షాపులో పనికి చేరకముందు కోడలు కూడా అలాగే అనుకుంది. చేరాక తెలిసింది, అందులో సగానికి సగం అరువు తెచ్చుకున్న సరుకేనని. పేజీల అచ్చు ఒకచోట ఊరికే దొరుకుతుంది. అక్షరాలు ఇంకోచోట దొరుకుతాయి. ఫోను గుర్తు, ఉత్తరం గుర్తు, బండి గుర్తు ఎవరో పుణ్యాత్ములు గీసి పెట్టే ఉంచారు, తెచ్చుకుని అతికించుకోవడమే. పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పనిముట్టు ఒకటి, తెగిపోయిన లింకుల్ని వెతికి పట్టిచ్చేది ఒకటి, రోజూ ఎంతమంది వచ్చి తొంగిచూసి పోతున్నారో చెప్పేది మరొకటి. వడ్రంగి గోడకి ఉలులు తగిలించుకున్నట్టు అవన్నీ ఆమె కంప్యూటరు తెర మీద ఓ పక్కగా ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ వాడేది బొమ్మల కొట్టు. కొట్టు అని షాపువాళ్ళు పెట్టుకున్న పేరే గానీ అక్కడ డబ్బివ్వక్కర్లేదు. ఫొటోలు తీసేవాళ్ళు తమ ఫొటోలు తెచ్చి అందులో పడేస్తారు. ఎవరైనా, దేనికైనా, ఎవర్నీ అడక్కుండా తీసి వాడుకోవచ్చు. ఎవర్నీ అడక్కుండా అన్నది అక్కడ పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, అదేదో ఘనకార్యమైనట్టు.

షాపు అంటే బట్టలు కుట్టేవాళ్ళ పైన రెండు గదులు. కింద మిషన్లు నడుస్తున్నంతసేపూ పైన నేల సన్నగా వణుకుతుంది. ఆ ఉదయం సారు తన గదిలోంచి టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ట్రస్టు మేడమ్ సైటు శుక్రవారం జనంలోకి పోవాలమ్మా. ముందు పేజీలో బొమ్మ ఇంకా పెట్టలేదేం?"

"వృద్ధాశ్రమంలో ఫొటోలు తీసి పంపిస్తానన్నారు కద సార్."

"పంపింది, చూశాను. ఒక్కటీ పనికిరాదు. అందరూ నున్నగా తలలు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని పెళ్ళివారిలా కూర్చున్నారు. ఒకాయనైతే ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాళ్ళని చూస్తే వాళ్ళే మనకి చందా ఇచ్చేట్టున్నారు. కొట్లో వెతుకు. చూసినవాడి చెయ్యి దానంతటదే జేబులోకి పోవాలి."

కోడలు బొమ్మల కొట్టు తెరిచింది. ముసలితనం అని కొట్టింది, ఆకలి అని కొట్టింది, దిక్కులేనివాళ్ళు అని కొట్టింది. తెర నిండా ముఖాలు పరుచుకున్నాయి. కూరగాయలు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టింది. ఈయన మరీ పుష్టిగా ఉన్నాడు. ఈవిడ వెనకాల కారు కనబడుతోంది. ఈయన కళ్ళలో పొగరు. కిందికి జరుపుతూ జరుపుతూ ఉన్న వేలు టక్కున ఆగిపోయింది.

అత్త.

తెరకి ముఖం ఆనించి చూసింది. పోలిక కాదు. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది. వెనకాల తమ పెరటి తలుపు, కింది చెక్క చిట్లినచోట రేకు ముక్క కొట్టి ఉంది. జాకెట్టు చేతికి మాసిక ఉంది. వేరే రంగు దారంతో ఆ మాసిక వేసింది తనే, వేసినందుకు తిట్లు తిన్నదీ తనే. గడప మీద కూర్చుని, తల ఎత్తి, అరచెయ్యి ముందుకి చాపి ఉంది అత్త. కింద చిన్నక్షరాలతో మాటల వరస: బిచ్చం, ఆకలి, ఒంటరి, దిక్కులేని ముసలమ్మ.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ చెయ్యి ఎందుకు చాపిందో ఆమెకి తెలియదా? పరుపులు కుట్టడం అత్త పని. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, పెరట్లో గుడ్డల మీద ఆరబోస్తుంది. మబ్బు పట్టిందంటే గడప మీద కూర్చుని ఆకాశంకేసి చూస్తూ అరచెయ్యి చాపుతుంది. చేతిలో ఒక్క చినుకు పడిందా, "దూదీ! దూదీ!" అని వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. స్నానం చేస్తున్నవాళ్ళు కూడా తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకు రావాల్సిందే. కొత్త కాపురంలో కోడలు మొదట నేర్చుకున్న పని ఆ పరుగే. ఫొటోలో దూది లేదు. గడప దగ్గరే గీత గీసినట్టు కత్తిరించి పడేశారు.

పనిముట్లలో ఇంకొకటి ఉంది. ఒక బొమ్మని అందులో వేస్తే, లోకంలో అది ఎక్కడెక్కడ అతికించి ఉందో బయటికి లాగుతుంది. దొంగసరుకు పట్టుకోవడానికి సారు అప్పుడప్పుడు వాడతాడు. కోడలు అత్తని అందులో వేసింది.

ఒక్కొక్కటే తెరుచుకోసాగాయి. దుప్పట్లు పంచేవాళ్ళ పేజీలో అత్త. కళ్ళాసుపత్రి పేజీలో అత్త, గుడ్డిదై. బీమా కంపెనీ వాళ్ళయితే, "రేపు మీ అమ్మకి ఈ గతి పట్టకూడదంటే" అని ముఖం మీదే రాశారు. ఎవడో కవిగారు అత్త కింద ఆకలి మీద పద్యం రాసుకున్నాడు. ఎదుటివాడు వద్దన్నా కంచంలో మారు వడ్డించి తినేదాకా లేవనివ్వని మనిషి మీద!

"ఆ! ఇదే!" అన్నాడు వెనకనించి సారు. "ఎక్కడ దాక్కుందమ్మా ఇన్నాళ్ళూ? ఆ కళ్ళు చూడు, ఆ చెయ్యి చూడు. పెట్టెయ్."

"ఈవిడ మా అత్తగారు సార్."

సారు గుటక మింగబోయిన టీ ఆగింది. తర్వాత నవ్వాడు. "భలేదానివే. అయితే ఇంకేం, ఇంట్లో మనిషే."

"అడుక్కోవట్లేదు సార్ ఆవిడ. చినుకు చూస్తోంది."

"ఏం చూస్తే మనకేంటమ్మా? జనం ఏం చూస్తారన్నది లెక్క. కొట్లో ఊరికే పెట్టిన బొమ్మ, చట్టప్రకారం మన మీద మాట లేదు."

"ఇదే ఊళ్ళో ఆవిడ పరుపులు కుడుతోంది. రేపు ఇది చూసినవాళ్ళు ఆవిడ చేత పరుపు కుట్టించుకుంటారా?"

"శుక్రవారం," అని సారు అద్దం తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్త పెరట్లో కాళ్ళు బార్లా చాపుకుని పరుపుకి కుట్లు వేస్తోంది. దబ్బనం ఇటునించి పొడిచి, అరచేత్తో పరుపుని అణిచి, అటునించి లాగి, దారం బిగించి ముడి. కోడలు గుమ్మంలోనే నిలబడి ఆ చేతుల్నే చూసింది. రోజూ చూసే చేతులే. వేళ్ళ కణుపులు కాయలు కాసి ఉన్నాయి.

"ఏమే, కొత్తగా చూస్తున్నావ్? దిష్టి తగిలేను. ఆ చివర పట్టుకో."

కోడలు సంచి పక్కన పెట్టి పరుపు చివర పట్టుకుంది.

"లాడ్జీ బేరం ఏమైంది అత్తయ్యా?"

"ఏమవుతుంది, విచిత్రం అయింది. పరుపులన్నీ మనకే ఇస్తానని కబురుపెట్టాడు కదా ఆ లాడ్జీ ఆయన. తీరా వెళితే నన్ను ఎగాదిగా చూశాడు. ఎక్కడో చూశానే నిన్ను అన్నాడు. లోపలికి పోయి రొట్టె తెచ్చి చేతిలో పెట్టాడే! తినమ్మా, సిగ్గుపడకు అని. నేను బేరం మాట్లాడదామని పోతే వాడు రొట్టె పెట్టడమేంటి? నాకు ఒళ్ళు మండి, దాన్ని వాడి బల్ల మీదే పెట్టి వచ్చేశా. బేరం పోతే పోయింది."

ఆ రొట్టె ఎందుకొచ్చిందో కోడలికి అర్థమైంది. సైటు ఇంకా బయటికి రాకముందే ఇలా ఉంటే, వచ్చాక ఊళ్ళో ప్రతి ఫోనులోనూ అత్త చెయ్యి చాపుకుని కూర్చుంటుంది.

"అత్తయ్యా, ఎప్పుడైనా మన పెరట్లోకి ఫొటోలు తీసేవాడెవడైనా వచ్చాడా?"

"వచ్చాడుగా. పొడుగ్గా, మెడలో కెమెరా వేలాడేసుకుని. పాత తలుపులు ఫొటోలు తీస్తున్నానన్నాడు. నీకు తలుపులే దొరికాయా నాయనా, మా వీధిలో మనుషులు చచ్చారా అన్నాను నవ్వులాటకి. దాహమంటే చల్లటి నీళ్ళిచ్చా. రెండు గ్లాసులు తాగాడు. ఏం?"

"ఏం లేదు," అంది కోడలు. ఆ పూటకి చెప్పడానికి నోరు రాలేదు.

పొయ్యి మీద కూర పెట్టి, ఫోను పట్టుకుని బొమ్మల కొట్టు వాళ్ళకి ఫిర్యాదు రాసింది. ఫొటో తీసినవాడి చిరునామా అక్కడే ఉంటే అతనికీ రాసింది. కూర మాడిన వాసనకి అత్త పెరట్లోంచి "ఫోనులో వండుతున్నావా?" అని కేకేసింది.

మర్నాడు రెండు జవాబులూ వచ్చాయి. కొట్టువాళ్ళది మనిషి రాసింది కాదు. ఫొటో తీసినాయన, మనిషి అనుమతి తీసుకున్నాను అన్నచోట టిక్కు పెట్టాడనీ, కాబట్టి తాము చెయ్యగలిగిందేమీ లేదనీ, తమ సేవ ఎలా ఉందో అయిదింటికి ఎన్ని నక్షత్రాలో వేసి చెప్పమనీ ఉంది.

ఫొటో తీసినాయన మాత్రం చాలా మర్యాదగా రాశాడు. ఆ చేతిలో తనకి ప్రపంచపు ఆకలంతా కనబడిందట. ఆ ఫొటోని లోకానికి ఉచితంగా అర్పించాడట, దమ్మిడీ ఆశించలేదట. ఆమెకి తన నమస్కారాలు చెప్పమన్నాడు.

"ఆకలంతా కనబడిందట, పక్కన ఆరబోసిన దూది మాత్రం కనబళ్ళేదు," అని పళ్ళు నూరింది కోడలు. ఫోనుని బల్ల మీద బోర్లా పడేసి సారు గదిలోకి వెళ్ళింది.

"సార్, నేను ఆ బొమ్మ పెట్టను."

"నువ్వు పెట్టకపోతే నాకు చేతుల్లేవా? రాత్రే పెట్టేశాను. మేడమ్‌కి పంపాను కూడా. కళ్ళనీళ్ళొచ్చాయంది. రేపు స్వయంగా వస్తోంది చూడటానికి."

"మీ అమ్మగారి ఫొటో ఉంటే పెట్టండి సార్. మా అత్తయ్యది తీసెయ్యండి."

సారు ముఖం కందగడ్డలా అయింది. "మాట తిన్నగా రానియ్. ఉద్యోగం మీద విరక్తి పుడితే రేపట్నించి రానక్కర్లేదు."

"నేను రాకపోయినా మా అత్తయ్య వస్తుంది," అంది కోడలు. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అనేశాక ఫోనూ సంచీ తీసుకుని మెట్లు దిగింది. 

ఇక దాచడం కుదరదు. ఇంటికొచ్చి, పరుపు కుడుతున్న అత్త పక్కన కూర్చుని ఫోను ముందు పెట్టింది. అత్త ఫోనుని చాచినంత దూరం చాచి కళ్ళు చిట్లించింది.

"ఎవరే ఈ ముసల్ది? ఓసి! నేనే! ముక్కు భలే పడిందే." ఒక్క క్షణం మురిసింది. తర్వాత వేలితో తెర అంచుని గీరింది, పక్కకి లాగితే మిగతాది వస్తుందేమోనని. "దూదేదీ?"

"కత్తిరించాడు అత్తయ్యా."

"దూది కత్తిరించి నన్నేం చేసుకుంటాడు? కిందేంటి, ఏదో రాసుంది?"

కోడలు చదివింది.  దుప్పట్లవాళ్ళ సంగతి, బీమావాళ్ళ సంగతి, లాడ్జీ ఆయన రొట్టె ఎందుకు పెట్టాడన్నదీ, అన్నీ చెప్పింది. అత్త చేతిలో దబ్బనం పరుపులో సగం దిగి ఆగిపోయింది.

"దాహమని అడిగింది వాడు," అంది. "నీళ్ళిచ్చింది నేను. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, అయ్యా బాబూ అని నేను చెయ్యి చాపినట్టు చూపించాడా!" దబ్బనాన్ని అవతలికి లాగి ముడివేసి, దారాన్ని పళ్ళతో పటుక్కున తెంపింది. "మీ షాపు ఎన్నింటికి తెరుస్తారే?"

మర్నాడు అత్త షాపు మెట్లు ఎక్కింది, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ, ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళుండవు అనుకుంటూ. కోడలి పక్కనున్న చక్రాల కుర్చీలో కూర్చుంది. కుర్చీ గిర్రున తిరిగితే, "దీనికేం పట్టిందే?" అని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సారు ఆమెని చూశాడు, నమస్కారం పెట్టాలా వద్దా అని చేతులు సగం లేపి, మళ్ళీ దించేశాడు.

ట్రస్టు మేడమ్ కాస్త ఆలస్యంగా వచ్చింది. కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతున్నాయి. అవి పెట్టుకుని తెరకేసి చూసి, "పాపం, ఆ ముఖం..." అంటూ తల తిప్పింది. చక్రాల కుర్చీలో అదే ముఖం. 

"నేనేనమ్మా," అంది అత్త. "పాపం అక్కర్లేదు. అడుక్కోవట్లేదు నేను. పెరట్లో దూది ఆరబోసి చినుకు పడుతోందేమోనని చూస్తున్నా. పడింది కూడా. ఆవేళ సగం దూది తడిసి కంపు కొట్టింది. మీ ఆశ్రమానికి పరుపులు కావాలంటే చెప్పండి, కుట్టి ఇస్తా. ఊరికే కాదు, డబ్బు పుచ్చుకునే."

మేడమ్ ముఖం ఎర్రబడింది. "నాకీ సంగతి చెప్పలేదేంటండీ?" అంది సారుతో.

"చట్టప్రకారం మేడమ్..."

"చట్టం తర్వాత. ముందు తీసెయ్యండి."

"అదెంతసేపు మేడమ్," అని సారు వంగి, కోడలి చేతిలోంచి మౌసు లాక్కుని, బొమ్మల కొట్టు తెరిచి రెండుసార్లు నొక్కాడు. అత్త మాయమైంది. అదే చోట ఓ ముసలాయన వచ్చి కూర్చున్నాడు. రాతి మెట్ల మీద, మోచేతులు మోకాళ్ళకి ఆనించి, తల రెండు చేతుల్లో పట్టుకుని.

"అమ్మయ్య," అంది మేడమ్. "ఇది ఇంకా బాగుంది."

కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. గెలిచింది. అత్త ఊళ్ళో తలెత్తుకు తిరగొచ్చు, ఉద్యోగమూ పోలేదు. అత్త చెయ్యి పట్టుకుని నొక్కింది. అత్త ఆమెకేసి చూడలేదు. తెరకేసే చూస్తోంది.

"ఈయనెవరే?"

"తెలీదు అత్తయ్యా. ఎవరో."

"ఏ ఊరు?"

"తెలీదు."

"ఈయన కోడలు ఏ షాపులో పనిచేస్తుంది?"

 సారు పెద్దగా నవ్వాడు. "బామ్మగారు భలే జోకులేస్తారు."

"జోకు కాదు బాబూ. తల పట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడో, కునుకొచ్చిందో, చెవిలో నీళ్ళు పోతే వంచుకున్నాడో నాకేం తెలుసు? నీకు తెలుసా?" అత్త కుర్చీ కదలకుండా ఓ చేత్తో పట్టుకుని లేచింది. "వస్తానమ్మా. పని ఉంది నాకు."

మెట్ల మీద ఆమె ఆగి ఆగి దిగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. కోడలు ముసలాయన్ని చూసింది. ఆయన పక్కన మెట్టు మీద ఏదో వస్తువు అంచు సగానికి తెగి ఉంది. బుట్టో, పనిముట్ల పెట్టో, తేల్చుకోవడానికి వీల్లేకుండా. జుట్టు రాలకుండా వాడే మందు సైటుకోసం తను ఏరిన బట్టతలాయన గుర్తొచ్చాడు. మచ్చల క్రీముకోసం ఏరిన పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లని ఏరిన రోజు సారు మెచ్చుకున్నాడు, తనకీ సంతోషమేసింది.

మౌసు తీసుకుని ముసలాయన్ని తీసేసింది. ముందు పేజీలో బూడిదరంగు గడి మిగిలింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు సారు.

"మేడమ్, నన్ను మీ ఆశ్రమానికి తీసుకెళ్ళండి. వాళ్ళని అడిగి ఫొటో తీసుకుంటాను."

"మేం తీశాం కదమ్మా. తలలు దువ్వుకుని కూర్చుంటారు. నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"నవ్వితే చందాలు రావమ్మాయ్!" సారు గొంతు చించుకున్నాడు. "రేపు శుక్రవారం!"

కోడలు మేడమ్‌కేసే చూస్తూ నిలబడింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, ఆ బూడిదరంగు గడిని చూసింది. "నాకు పనులున్నాయి. త్వరగా రా మరి," అని సంచి భుజాన వేసుకుంది.

ఆశ్రమం వరండాలో ఎండ పడుతోంది. ఓ పెద్దాయన కుర్చీలో కూర్చుని ఒళ్ళో రేడియో విప్పుకుని, మరలన్నీ మూతలో పోసుకుని, సన్నటి తీగని వేళ్ళ మధ్య మెలితిప్పుతున్నాడు. అద్భుతమైన బొమ్మ. కిటికీ నీడ సరిగ్గా ఆయన చేతుల పక్కగా పడుతోంది. కోడలు ఫోను చేతిలో ఉంచుకునే దగ్గరికి వెళ్ళింది.

"తాతగారూ, మీ ఫొటో ఒకటి తీసుకోవచ్చా?"

ఆయన తలెత్తలేదు. "ఎక్కడ పెడతావ్?"

"ఆశ్రమం వెబ్‌సైట్లో. లోకంలో ఎవరైనా చూడొచ్చు. కింద చందాలివ్వండి అని రాసుంటుంది."

ఆయన తీగని వదిలిపెట్టాడు.  "నేను వద్దమ్మా," అన్నాడు.

"సరే తాతగారూ." కోడలు ఫోను సంచిలో వేసుకుంది.

ఇంకోసారి అడుగుతుందని, బతిమాలుతుందని, మేడమ్ పేరు చెబుతుందని ఆయన ఆమె చేతి వంకే చూస్తున్నాడు.

"అంతేనా?"

"అంతే."

ఆయన మళ్ళీ తీగ అందుకున్నాడు. కుర్చీని కాస్త గోడవైపు జరిపి ఆమెకి దారిచ్చాడు. కోడలు లోపలి గదిదాకా వెళ్ళింది. తలుపు బార్లా తెరిచే ఉన్నా గడప బయటే నిలబడి, వేలితో రెండుసార్లు తట్టింది.